పికప్ బండిలో రేడియో

పర్వత్ పాటియాలో మేముండే వీధి చివర ఒక తెల్ల పికప్ బండి ఆగి ఉంటుంది. పగలంతా రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ల నుంచి చీరల పార్సిళ్లు మోస్తుంది. దాని కప్పు మీద, సరిగ్గా నడిమధ్యన, మూరెడుకు కాస్త ఎక్కువ పొడవున ఒక సన్నని కమ్మీ నిలబడి ఉంటుంది. ఆ దారిన బడికి వచ్చే పిల్లలు చాలామంది దాన్ని చూసే ఉంటారు. "మేడం, అది టీవీదా?" అని అడిగినవాళ్లున్నారు. "పోలీసుల బండా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు. రెండూ కాదు. అది హామ్ రేడియో యాంటెన్నా. అక్కడ పెట్టింది నేనే.

తెలుగు చెప్పే టీచరుకు తీగలతో పనేమిటని మీకు అనిపించవచ్చు. మా అమ్మది దివిసీమ. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన వచ్చినప్పుడు ఆమె చిన్నపిల్ల. వేలమంది పోయారు. తంతి తీగలు, టెలిఫోను స్తంభాలు నేలకూలాయి. ఏ ఊళ్లో ఎవరు బతికున్నారో పక్క ఊరికి తెలియలేదు. ఈ కథ వింటూ పెరిగాను గానీ, అది పాతకాలపు సంగతనే అనుకున్నాను. 2014లో నేను విశాఖపట్నంలో ఉద్యోగంలో కొత్తగా చేరాను. అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. నా చేతిలో మొబైలు ఉంది, అందులో చార్జింగూ ఉంది, కానీ సిగ్నల్ లేదు. మా అమ్మతో మాట్లాడటానికి నాకు రోజులు పట్టింది. 1977లో మా అమ్మమ్మ ఎలా ఉందో 2014లో నేనూ అలాగే ఉన్నాను.

తరువాత పోర్ట్ బ్లెయిర్‌కు బదిలీ అయింది. అక్కడ పాత ఉద్యోగులు 2004 సునామీ గురించి చెబుతూ హామ్ రేడియో మాట ఎత్తారు. ఆ డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతి ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం అండమాన్‌కు వెళ్లింది. వీయూ4ఆర్‌బీఐ అనే పిలుపు గుర్తుతో ప్రపంచంలోని హామ్‌లతో సరదాగా మాట్లాడటం వాళ్ల పని. డిసెంబరు 26న సముద్రం పైకి వచ్చాక అదే రేడియో దీవుల క్షేమసమాచారం బయటికి చెప్పే సాధనమైంది. ఈ కథ విన్నాకే నేను పరీక్షకు కట్టాను. కేంద్ర ప్రభుత్వ టెలికం శాఖ ఇచ్చే ఈ లైసెన్సుకు 12 ఏళ్లు నిండితే చాలు, అంటే మీలో చాలామంది అర్హులే. మన మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ కూడా హామే, ఆయన గుర్తు వీయూ2ఆర్‌జీ.

ఇక సూరత్ సంగతి. ఇక్కడి పెద్దవాళ్లను అడిగితే 2006 ఆగస్టు గురించి చెబుతారు. ఉకాయి ఆనకట్ట నుంచి 9 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదలగా తాపీ నది ఊళ్లోకి వచ్చింది. నగరంలో ఎక్కువ భాగం మునిగింది. అంత పెద్ద వరద ఏటా రాదు. కానీ మా వైపు ఖాడీలున్నాయి. ఖాడీ అంటే మన వాగులాంటిది. గట్టి వాన పడితే పర్వత్ పాటియా, లింబాయత్ వైపు ఖాడీ నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. మా వీధిలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, వరంగల్, కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడినవాళ్లే ఎక్కువ. పికప్ యజమాని కూడా అలా వచ్చినవాడే. పదేళ్లు పవర్‌లూమ్ మీద పనిచేసి, తరువాత ఈ బండి కొన్నాడు. నేను అన్న అంటాను, ఆయన నన్ను మేడం అంటాడు. వానాకాలంలో నీళ్లొస్తే ముసలివాళ్లను, పసిపిల్లలను మెరక వైపు చేర్చేది ఆ బండే. అందుకే అందులో నా రేడియో పెడదామని అడిగాను. "పెట్టుకోండి మేడం, నా బండి ఏం కరగదు" అన్నాడు.

మొదటిసారి నేను పెట్టిన తీరు చెబితే సిగ్గుగా ఉంటుంది, అయినా చెప్పాలి. రేడియోను డ్యాష్‌బోర్డు మీద రబ్బరు మ్యాట్ వేసి కూర్చోబెట్టాను. కరెంటు సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి తీసుకున్నాను. యాంటెన్నాను అయస్కాంతపు దిమ్మెతో కప్పు అంచున, చేతికి అందిన చోట అతికించాను. దాని కేబులును తలుపు సందులోంచి లాగి తలుపు వేసేశాను. మిగిలిన కేబులును చుట్టి సీటు కింద కుక్కాను. మైకు గేరు రాడ్డుకు వేలాడుతోంది. పరీక్షగా ఒకసారి మాట్లాడితే పలికింది. అయిపోయిందనుకున్నాను.

ఆ జూలైలో ఒక రాత్రి నీళ్లొచ్చాయి. కరెంటు తీసేశారు. ఫోన్ల సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. వెనక వీధిలో కింది అంతస్తులో ఉండే ఒక అవ్వకు ఆయాసం ఎక్కువైంది. నీళ్లు నడుము దాటాయి, బండి అక్కడికి పోదు. సహాయ శిబిరంలో మా హామ్ మిత్రుడు ఒకరు రేడియో పెట్టుకుని ఉన్నారు. ఆయనకు చెబితే పడవ పంపిస్తారు. డీజిలు మిగుల్చుకుందామని ఇంజను ఆపి ఉంచాం. నేను మైకు మీట నొక్కాను. రేడియో ఆరిపోయింది. వదిలితే వెలిగింది. మళ్లీ నొక్కాను, మళ్లీ ఆరిపోయింది. వినేటప్పుడు బాగానే ఉంది, మాట్లాడబోతే చస్తోంది. ఆ చీకట్లో టార్చి పట్టుకుని వెతకబోతే ఏ తీగ ఎక్కడికి పోయిందో నాకే తెలియలేదు. పది నిమిషాలు అన్నీ పీకి పెట్టాను. చివరికి రేడియో శక్తిని 50 వాట్ల నుంచి 5కు తగ్గించాలన్న ఆలోచన వచ్చింది. అప్పుడు ఆరిపోలేదు గానీ, మాట అవతలికి ముక్కలు ముక్కలుగా వెళ్లింది. ఇంటి గుర్తు ఆరేడుసార్లు చెప్పాల్సి వచ్చింది. మొత్తం నలభై నిమిషాలు. పడవ వచ్చింది, అవ్వ ఇప్పుడు క్షేమం. కానీ ఆ నలభై నిమిషాలు ఆమె మంచం మీద మఠం వేసుకుని, నోరు తెరిచి గాలి పీలుస్తూ కూర్చుందని ఆమె కోడలు తరువాత చెప్పింది.

నీళ్లు తీశాక వచ్చిన రెండు ఆదివారాలు అన్న, నేను, మన తొమ్మిదో తరగతిలో చదువుతున్న వాళ్లబ్బాయి కలిసి మొత్తం విప్పి మళ్లీ బిగించాం. అన్న లోపలికి తొంగి చూసి మొట్టమొదట అన్న మాట: "ఏంది మేడం, గిట్ల చిక్కులు పడ్డ దారం మగ్గం మీదికి ఎక్కిస్తమా?"

ముందు కరెంటు సంగతి. రేడియో ఎందుకు ఆరిపోయింది? పదో తరగతివాళ్లకు ఓమ్ సూత్రం తెలుసు కాబట్టి లెక్క వేద్దాం. 50 వాట్లతో ప్రసారం చేసేటప్పుడు ఇలాంటి రేడియో సుమారు 12 ఆంపియర్లు లాగుతుంది. వినేటప్పుడు ఒక ఆంపియరు కూడా అక్కర్లేదు. లైటరు సాకెట్ తీగ మందం 1 చదరపు మిల్లీమీటరు అనుకోండి. అంత రాగితీగకు మీటరుకు 0.0172 ఓములు నిరోధం ఉంటుంది. బ్యాటరీ నుంచి రేడియోకు 4 మీటర్లు, తిరిగి రావడానికి 4, మొత్తం 8. నిరోధం 0.14 ఓములకు దగ్గర. 12తో గుణిస్తే 1.65 వోల్టులు దారిలోనే పోతాయి. ఇంజను ఆగి ఉంటే బ్యాటరీలో 12.3 వోల్టులు ఉన్నాయనుకున్నా, రేడియో దగ్గరికి చేరేది 10.6. నా రేడియోకు కనీసం 11.7 కావాలి. అందుకే మీట నొక్కగానే దానికి ఊపిరి అందలేదు. 5 వాట్లకు తగ్గిస్తే లాగే కరెంటు తగ్గింది, దారిలో పోయేదీ తగ్గింది. అదే 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే పోయేది 0.28 వోల్టు మాత్రమే. ఈ లెక్క అబ్బాయే నోటుపుస్తకంలో చేశాడు. వాడు భాగహారం దగ్గర తప్పు చేస్తే అన్న చెవి మెలిపెట్టబోయాడు, నేనే ఆపాను.

కాబట్టి లావు తీగ, అదీ నేరుగా బ్యాటరీ నుంచే. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు, రేడియో పక్కన ఫ్యూజు పెడితే చాలనుకుంటారు. ఈ ఫ్యూజు ఉన్నది ముందుగా తీగను కాపాడటానికి. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య తీగ ఎక్కడైనా ఒరుసుకుని బండి ఇనుముకు తగిలితే ఆపేవాళ్లు ఉండరు. బ్యాటరీలో ఉన్న శక్తంతా ఆ ఒక్క చోట మంటవుతుంది. బండిలో నిండా చీరల పార్సిళ్లు ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే ఆ కాపలా లేని భాగం ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. పనిచేసేటప్పుడు ముందు బ్యాటరీ తీసివేత కొసను ఊడదీయాలి, చివర దాన్నే బిగించాలి. పానా పొరపాటున కూడిక కొస నుంచి బండి ఇనుముకు తగిలినా అప్పుడు మెరుపు పుట్టదు.

ఇంజను వైపు నుంచి లోపలికి తీగ రావాలంటే ఇనుప గోడ దాటాలి. అక్కడ బండివాళ్లు వేసిన కన్నం ఒకటి ఉంది, దానికి రబ్బరు బుష్ ఉంది. కొత్త కన్నం వేయకుండా దాంట్లోంచే తీశాం. వట్టి ఇనుప అంచు మీద తీగ ఆనితే ఆరు నెలల కుదుపులకు పై తొడుగు తెగుతుంది. ఈ మాట నేను చెప్పబోతుంటే అన్న నవ్వాడు. "దారమైనా గంతే మేడం, ఏడ రాపిడైతదో ఆడనే తెగుతది" అన్నాడు. అక్కడి నుంచి ఆ పని ఆయన చేతిలోకి పోయింది. నేను చూస్తూ కూర్చున్నాను. తీగను ముడతల ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి, బండి సొంత తీగలు పోయే దారినే తీసుకెళ్లాడు. జానెడుకొక చోట ప్లాస్టిక్ టై వేశాడు. వేడెక్కే ఇంజను గొట్టాలకు, తిరిగే బెల్టుకు, కదిలే పెడళ్లకు దూరంగా జరిపాడు. వంపు తిరిగే చోట లాగి కట్టకుండా రెండు వేళ్ల వదులు ఉంచాడు. టై కొసలు కోసినప్పుడు వాడిగా మిగిలితే చేతులు గీసుకుంటాయని మళ్లీ వేలితో తడిమి, నున్నగా కోశాడు. నా చేతికి ఆ నేర్పు ఎప్పటికీ రాదు.

రేడియో ఎక్కడ పెట్టాలన్నది ఇంకో ప్రశ్న. డ్యాష్‌బోర్డు మీద ఎండకు కాగుతుంది, గట్టిగా బ్రేకు వేస్తే ఎగిరి ముఖానికి తగులుతుంది. ఎయిర్‌బ్యాగులున్న బండ్లలో వాటి ముందు ఏదీ పెట్టకూడదు. నా రేడియోలో మీటలున్న ముఖభాగాన్ని విడదీసి, ఒక కేబులుతో దూరంగా పెట్టుకోవచ్చు. అలా చేయని రేడియోలకు డ్యాష్‌బోర్డు కింద బ్రాకెట్టు వేయాలి. అసలు పెట్టెను సీటు వెనక సందులో, ఇనుప పట్టీకి నాలుగు మరలతో బిగించాం. గుడ్డలు, సంచులు దాని మీద పడకుండా చుట్టూ ఖాళీ వదిలాం. ఎందుకంటే అది లాగేది సుమారు 150 వాట్లు, గాల్లోకి పంపేది 50, మిగిలిన నూరు వేడిగానే పోవాలి. ముఖభాగం మాత్రం డ్రైవరు పక్క సీటు ముందు. నడిపేవాడు రేడియో ముట్టకూడదు, అది నేను ముందే పెట్టిన నియమం. ఎలాగూ లైసెన్సు నాది, అన్నకు లేదు. పార్సిలు ఎక్కడ దించాలో అడగడానికి కూడా దీన్ని వాడకూడదు, హామ్ రేడియోలో వ్యాపారపు మాటలు నిషిద్ధం. అన్నట్టు, వాహనం నుంచి మాట్లాడేందుకు మీ లైసెన్సు షరతులు ఒప్పుకుంటాయో లేదో ముందే చదువుకోవాలి.

ఇప్పుడు యాంటెన్నా. నేను వాడేది 145 మెగాహెర్ట్జ్ దగ్గరి తరంగం. కాంతి వేగాన్ని దాంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం 2.07 మీటర్లు. అందులో నాలుగో వంతు సుమారు 52 సెంటీమీటర్లు. కమ్మీలో తరంగం తీరు వల్ల నిజంగా కావలసింది కొంచెం తక్కువ, 49 దగ్గర. మూరెడుకు కాస్త ఎక్కువ అన్నది అందుకే. అయితే కమ్మీ ఒక్కటే యాంటెన్నా కాదు, అది సగమే. మిగిలిన సగం కింద ఉన్న ఇనుప కప్పు. నీళ్లలో చెట్టు నీడ కనిపించినట్టు, ఇనుప రేకు కమ్మీకి కింద ఒక ప్రతిబింబాన్ని ఇస్తుంది. కమ్మీని అంచున పెడితే ఒక వైపు రేకు ఉంటుంది, ఇంకో వైపు ఉండదు. ఒక దిక్కుకు బాగా, ఒక దిక్కుకు తక్కువగా పోతుంది. నా మొదటి తప్పు అదే. నడిమధ్యన పెడితే అన్ని దిక్కులకూ సమంగా పోతుంది. పికప్‌లో ఇంకో చిక్కుంది. వెనక పార్సిళ్లు క్యాబిన్ కన్నా ఎత్తుగా పేరుస్తారు, తడి టార్పాలిన్ కప్పుతారు. యాంటెన్నాను వెనక ట్రాలీ కమ్మీకి కట్టాలని కొందరికి అనిపిస్తుంది, చూడటానికి బాగుంటుంది కూడా. కానీ అక్కడ కింద రేకు లేదు, సరుకు ఆనుతుంది, తాళ్లు తగులుతాయి. క్యాబిన్ కప్పే మేలు. కన్నం వేసి శాశ్వతంగా బిగించడం అన్నిటికన్నా మంచిదే గానీ, పరాయివాళ్ల బండి కప్పుకు కన్నం వేసి, నాకు బదిలీ అయ్యాక దాంట్లోంచి నీళ్లు కారుతుంటే వాళ్లు నన్ను తలుచుకుంటారు. అయస్కాంతమే ఉంచాం. దాని కింద ఇనుప రజను చేరి పెయింటు గీసుకోకుండా వారానికోసారి తీసి తుడవడం అబ్బాయి పని.

కేబులు సంగతి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. యాంటెన్నా కేబులు మామూలు తీగ కాదు. మధ్యలో రాగి, దాని చుట్టూ తెల్లని ప్లాస్టిక్, దాని మీద జడలా అల్లిన రాగి వల, పైన నల్ల తొడుగు. మధ్య రాగికీ వలకూ ఉన్న దూరం ఎక్కడా మారకూడదు. నేను తలుపు సందులో నొక్కిన చోట అది చప్పిడి అయింది. అలాంటి చోటికి చేరిన తరంగంలో కొంత ముందుకు పోక వెనక్కి తిరుగుతుంది. దీన్ని కొలిచే మీటరు ఉంది, ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు అంటారు. 1 చూపిస్తే ఏదీ తిరిగి రానట్టు. 1.5 అయితే నూటికి 4 వంతులు తిరిగొస్తాయి, ఫరవాలేదు. 3 అయితే నూటికి 25 వంతులు. విప్పకముందు మాది 3 దాటింది. ఆ రాత్రి నా 5 వాట్లలో ఎంత గాల్లోకి పోయిందో ఊహించుకోండి.

కొత్త కేబులును తలుపు వెనక పైమూలలో, రబ్బరు మెత్తగా వంగే చోట లోపలికి తీశాం. తలుపు వేసి, మధ్యలో కాగితం ముక్క పెట్టి లాగితే సులువుగా వచ్చే చోటు వెతికాం. అక్కడ ఒత్తిడి తక్కువని అర్థం. లోపలికి పోయే ముందు కేబులును బయట కొంచెం కిందికి వేలాడేలా వంచి, మళ్లీ పైకి తెచ్చాం. వాననీరు కేబులు వెంట జారి ఆ వంపు అడుగున చుక్కలుగా రాలిపోతుంది, లోపలికి రాదు. మన ఊళ్లలో చూరు నుంచి కరెంటు తీగ ఇంట్లోకి తెచ్చేటప్పుడు చేసేదీ ఇదే. మిగిలిన పొడవును చుట్టి కుక్కకుండా, కావలసినంత ఉంచి కోసి, కొత్త కనెక్టరు వేశాం. కమ్మీని అర సెంటీమీటరు కూడా లేనంత కత్తిరించాక మీటరు 1.3 చూపింది. ప్రసారం జరుగుతున్నప్పుడు కమ్మీని పట్టుకుంటే వేలు కాలుతుంది, పక్కన నిలబడ్డ పిల్లలను దూరం జరపండి.

మైకుకు కొక్కెం వేశాం. ప్రతి తీగకు రెండు కొసలా పేరు చీటీలు అంటించాం. అబ్బాయి తెలుగులో, కింద గుజరాతీలో రాశాడు. ఎందుకంటే రేపు బండి బాగుచేసే మెకానిక్ గుజరాతీవాడే అవుతాడు, తెలియని తీగను కోసి పారేయడం అతని తప్పు కాదు. తీగలన్నీ గీసిన బొమ్మకు ప్లాస్టిక్ తొడుగు వేయించి డ్యాష్‌బోర్డు అరలో పెట్టాం. తరువాత లైట్లు ఆర్పి, కళ్లు మూసుకుని, ఏ తీగ ఎక్కడుందో చేత్తో తడిమి చెప్పమన్నాను. ముగ్గురిలో అన్నే ముందు చెప్పాడు.

రెండో ఆదివారం సాయంత్రం పరీక్షించాం. ఇంజను ఆపి, 50 వాట్లు, మీట నొక్కాను. రేడియో వెలుగుతూనే ఉంది. అవతల మిత్రుడు "ఈసారి పక్క గదిలోంచి మాట్లాడినట్టుంది" అన్నారు. ఇంజను వేశాం, ఆల్టర్నేటరు కూత సన్నగా వినిపించింది. కరెంటు తీగకు ఫెర్రైట్ ముక్క తగిలిస్తే తగ్గింది. హారను కొట్టాం, లైట్లు వేశాం, ఏమీ లేదు. వైపరు వేస్తే మాత్రం రేడియోలో గరగరమంటోంది. వానలోనే కదా దీని అవసరం! వైపరు మోటారు ఇనుప తొడుగును బండి ఇనుముకు రాగి పట్టీతో కలిపి చూశాం, సగం తగ్గింది. మిగతా సగం ఎక్కడి నుంచి వస్తోందో ఇంకా వెతుకుతూనే ఉన్నాం. ప్రస్తుతానికి నేను మాట్లాడేటప్పుడు అన్న వైపరు ఆపుతాడు.